ట్రాన్సిస్టర్‌ను స్విచ్‌గా వాడటం: చిక్కంతా మధ్య స్థితిలోనే
(డిప్లొమా విద్యార్థుల కార్యశాలలో చేసిన ప్రసంగ పాఠం)

సభలో ఉన్న అధ్యాపకులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

ఈ రోజు మాట్లాడవలసిన అంశం చూడటానికి చిన్నది. ఒక ట్రాన్సిస్టర్, ఒక రిలే (కాయిల్‌లో కరెంటు వెళ్లినప్పుడు కాంటాక్టులను కదిపే స్విచ్), ఒకటి రెండు రెసిస్టర్లు, ఒక డయోడ్ ఉంటే సరిపోయే సర్క్యూట్ అది. పాఠ్యపుస్తకంలో ఒక పేజీకి మించదు. అయినప్పటికీ ప్రాజెక్టు ప్రదర్శనలలో పనిచేయకుండా మొండికేసే బోర్డులను పరిశీలిస్తే, ప్రోగ్రాంలో కన్నా, సెన్సార్‌లో కన్నా, ఈ ఒక్క పేజీ దగ్గరే దోషం ఎక్కువగా కనిపిస్తుంది. దానికి కారణం ఉంది. ట్రాన్సిస్టర్ స్వభావరీత్యా స్విచ్ కాదు. దానికి బేస్, కలెక్టర్, ఎమిటర్ అని మూడు కాళ్లు. బేస్‌లోకి వెళ్లే కరెంటు పెరిగేకొద్దీ కలెక్టర్ కరెంటు క్రమంగా పెరిగే సాధనం అది. దానిని స్విచ్‌గా పనిచేయించాలంటే రెండు కొసలలో ఏదో ఒకదానికి మనమే నెట్టాలి, మధ్యలో నిలవనీయకూడదు. నేను ఈ గంటలో చెప్పబోయే లెక్కలన్నీ ఆ నెట్టడానికి సంబంధించినవే.

చరిత్రలోనూ ఈ రెండు పాత్రలు మొదటినుంచీ కలిసే ఉన్నాయి. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో 1947 డిసెంబరులో జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెయిన్ తొలి ట్రాన్సిస్టర్‌ను పనిచేయించినప్పుడు అది జెర్మేనియంతో చేసిన వర్ధకం. మాటల సంకేతాన్ని పెద్దది చేసి చూపించారు. అయితే అదే సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించిన మెర్విన్ కెల్లీ, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలలో లోహపు కాంటాక్టులతో పనిచేసే రిలేల స్థానంలో ఎలక్ట్రానిక్ సాధనం రావాలని రెండవ ప్రపంచ యుద్ధానికి ముందే ఆశించినట్టు అక్కడి పరిశోధకుడు విలియం షాక్లీ తరువాతి కాలంలో గుర్తుచేసుకున్నాడు. బార్డీన్, బ్రాటెయిన్, షాక్లీ ముగ్గురికీ 1956లో నోబెల్ బహుమతి వచ్చింది. రిలేలను తొలగించాలనుకున్న ఆ సాధనంతోనే మనం ఇప్పుడు రిలేలను నడుపుతున్నాం, అది వేరే విషయం.

ఉదాహరణగా బీసీ547 తీసుకుందాం. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో ఏ దుకాణంలో అడిగినా దొరికే ఎన్‌పీఎన్ రకం సిలికాన్ ట్రాన్సిస్టర్ ఇది. చదునుగా ఉన్న ముఖం మనవైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమనుంచి కుడికి కలెక్టర్, బేస్, ఎమిటర్ వస్తాయి. ఈ వరుస అన్నింటికీ ఒకటే అనుకోవద్దు. ప్లాస్టిక్ తొడుగులో వచ్చే 2222 రకాలలో పీఎన్2222ఏకి ఎమిటర్ ఎడమవైపు ఉంటే, పీ2ఎన్2222ఏకి కలెక్టర్ ఎడమవైపు ఉంటుంది. పేరులో ఒక్క అంకె తేడా, కాళ్ల వరుస మాత్రం తలకిందులు. కాబట్టి టంకం వేసే ముందు డేటాషీట్, అంటే తయారీదారు ఇచ్చే వివరాల పత్రం, చూడటం తప్పదు. బీసీ547 కలెక్టర్ నుంచి ఎమిటర్‌కు 100 మిల్లీ ఆంపియర్ల వరకు, వోల్టేజి 45 వోల్టుల వరకు భరిస్తుంది.

బేస్, ఎమిటర్‌ల మధ్య సుమారు 0.6 వోల్టుల కన్నా తక్కువ ఉన్నంతవరకు కలెక్టర్ కరెంటు లేనట్టే లెక్క. దీనిని కట్ ఆఫ్ స్థితి అంటాం. ఆ హద్దు దాటి బేస్‌లోకి కొద్దిగా కరెంటు పంపితే, దానికి వంద నుంచి కొన్ని వందల రెట్లు కలెక్టర్‌లో ప్రవహిస్తుంది. ఇది క్రియాశీల ప్రాంతం, వర్ధకాలు పనిచేసే చోటు. బేస్ కరెంటును ఇంకా పెంచుకుంటూ పోతే ఒక దశలో కలెక్టర్ కరెంటు పెరగడం ఆగిపోతుంది. దానికి కారణం ట్రాన్సిస్టర్ కాదు, లోడ్, అంటే మనం నడిపే సాధనం. సరఫరా వోల్టేజి దాదాపు మొత్తం లోడ్ మీదే పడి, కలెక్టర్, ఎమిటర్‌ల మధ్య 0.1 నుంచి 0.2 వోల్టులు మాత్రమే మిగులుతాయి. ఇది సంతృప్త స్థితి. స్విచ్‌కు కావలసినవి మొదటిది, మూడవది. రెండవ దానిగుండా దాటి వెళ్లాలి గానీ అక్కడ ఆగకూడదు.

ఎందుకు ఆగకూడదో చెప్పడానికి అందరూ వాడే కుళాయి పోలిక సరిపోదు. కుళాయిని సగం తిప్పితే నీళ్లు సన్నగా వస్తాయి, కుళాయికి ఏ నష్టమూ లేదు. ట్రాన్సిస్టర్‌ను సగం తెరిస్తే అది వేడెక్కుతుంది. 12 వోల్టుల సరఫరా మీద 12 ఓమ్‌ల హీటర్ తీగను స్విచ్ చేస్తున్నామనుకోండి. ఆపి ఉంచినప్పుడు కరెంటు లేదు కనుక ట్రాన్సిస్టర్‌లో ఖర్చయ్యే శక్తి సున్నా. పూర్తిగా తెరిచినప్పుడు ఒక ఆంపియర్ వెళుతుంది, ట్రాన్సిస్టర్ మీద సుమారు 0.3 వోల్టులు నిలుస్తాయనుకుంటే ఖర్చు 0.3 వాట్లు. సగంలో నిలిచినప్పుడు లోడ్ మీద 6 వోల్టులు, ట్రాన్సిస్టర్ మీద 6 వోల్టులు, కరెంటు అర ఆంపియర్. అంటే ట్రాన్సిస్టర్‌లోనే 3 వాట్లు. హీటర్‌కు అందేది తగ్గింది, ట్రాన్సిస్టర్ మోసే వేడి మాత్రం పది రెట్లు పెరిగింది. టిప్31 లాంటి పెద్ద ట్రాన్సిస్టర్ కూడా హీట్‌సింక్ లేకుండా 25 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రత దగ్గర భరించేది 2 వాట్లే. మన ఊళ్లలో మే నెలలో డబ్బా లోపల ఉండే వేడికి అది ఇంకా తగ్గుతుంది.

ఇప్పుడు బేస్ రెసిస్టర్ లెక్కకు వద్దాం. దీని మీద కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటాను, ఎందుకంటే అసలు పొరపాటు జరిగేది ఇక్కడే.

మీ చేతుల్లో ఉండే నీలిరంగు 5 వోల్టుల రిలే కాయిల్ నిరోధం సుమారు 70 ఓమ్‌లు. అంటే అది సుమారు 71 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. ప్రోగ్రాంతో నడిచే ఆర్డ్యునో యూనో బోర్డులోని మైక్రోకంట్రోలర్ పిన్‌కు 40 మిల్లీ ఆంపియర్లు దాటరాని గరిష్ఠ హద్దు, నిలకడగా వాడదగినది 20 మాత్రమే. అందువల్ల మధ్యలో ట్రాన్సిస్టర్ అవసరమవుతుంది. విద్యార్థి డేటాషీట్ తెరిచి, కరెంటు వృద్ధి గుణకం (బేస్ కరెంటుకు కలెక్టర్ కరెంటు ఎన్ని రెట్లో చెప్పే అంకె) 200 అని చూసి, 71ని 200తో భాగించి, బేస్‌కు 0.36 మిల్లీ ఆంపియర్లు చాలని నిర్ణయిస్తాడు. పిన్ ఇచ్చే 5 వోల్టులలో బేస్ దగ్గర 0.7 పోగా మిగిలిన 4.3 వోల్టులను 0.36తో భాగిస్తే 12 కిలో ఓమ్‌లు వస్తుంది. లెక్కలో తప్పేమీ లేదు, తప్పు ఆ 200 అనే అంకెను నమ్మడంలో ఉంది.

ఆ గుణకాన్ని తయారీదారులు కలెక్టర్ కరెంటు 2 మిల్లీ ఆంపియర్లు, కలెక్టర్ వోల్టేజి 5 వోల్టులు ఉన్నప్పుడు కొలిచి ఇస్తారు. అంటే అది క్రియాశీల ప్రాంతపు అంకె. పైగా బీసీ547 అని మాత్రమే రాసి ఉంటే అది 110 నుంచి 800 వరకు ఎంతైనా కావచ్చు. పేరు చివర ‘ఏ’ అక్షరం ఉన్న రకానికి 110 నుంచి 220, బీ రకానికి 200 నుంచి 450, సీ రకానికి 420 నుంచి 800. మీ చేతికి వచ్చిన దాని గుణకం 110 అయితే ఏమవుతుందో చూడండి. 0.36కు 110 రెట్లు, అంటే సుమారు 39 మిల్లీ ఆంపియర్లే ప్రవహిస్తాయి. రిలే కాయిల్ మీద 2.8 వోల్టులు కూడా పడవు. ఈ రకం రిలే లాగడానికి ప్రకటిత వోల్టేజిలో 75 శాతం, అంటే 3.75 వోల్టులు కావాలి. కనుక రిలే కదలదు, ట్రాన్సిస్టర్ మీద 2 వోల్టులకు పైగా నిలిచి అది వెచ్చబడుతుంది. పక్క విద్యార్థి బోర్డులో గుణకం 400 ఉన్న ట్రాన్సిస్టర్ పడింది కనుక అదే సర్క్యూట్, అదే 12 కిలో ఓమ్‌ల రెసిస్టర్, చక్కగా టక్కుమంటుంది. ఇంకో విచిత్రం కూడా జరుగుతుంది. వేడి పెరిగితే ఈ గుణకమూ పెరుగుతుంది కాబట్టి, హద్దుమీద ఉన్న బోర్డు మధ్యాహ్నం పనిచేసి, చలికాలం తెల్లవారుజామున మొరాయిస్తుంది. ప్రదర్శన రోజున బోర్డు మోసం చేసిందని మీరు చెప్పుకునే కథలలో సగం ఇవే.

అందుకే స్విచ్ లెక్కలో ఆ గుణకాన్ని పక్కన పెట్టి, కలెక్టర్ కరెంటులో పదో వంతు నుంచి ఇరవయ్యో వంతు వరకు బేస్‌కు బలవంతంగా ఇస్తాం. ఇది ఎవరో కల్పించిన ఆచారం కాదు. బీసీ547 డేటాషీట్‌లో సంతృప్త వోల్టేజి ఇచ్చిన వరుసను చూస్తే, కలెక్టర్‌లో 100 మిల్లీ ఆంపియర్లకు బేస్‌లో 5 అని పక్కనే రాసి ఉంటుంది, అంటే ఇరవయ్యో వంతు. మన రిలేకు 1 కిలో ఓమ్ పెడితే బేస్‌లోకి 4.3 మిల్లీ ఆంపియర్లు వెళతాయి, నిష్పత్తి 16 లేదా 17 అవుతుంది. ట్రాన్సిస్టర్ ఏ రకమైనా, ఏ ఉష్ణోగ్రతలోనైనా సంతృప్తమవుతుంది, పిన్ మీద భారమూ ఎక్కువ కాదు. బేస్ నుంచి ఎమిటర్‌కు ఇంకో 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కూడా పెట్టండి. మైక్రోకంట్రోలర్ ఆన్ అవుతున్న క్షణంలో ఆ పిన్ ఎటూ కలవకుండా తేలుతూ ఉంటుంది, అప్పుడు బేస్‌ను కిందికి పట్టి ఉంచేది ఇదే.

కాయిల్‌కు అడ్డంగా, కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడ్ ఎందుకో అందరికీ తెలిసినదే అయినా ఒక్క మాట చెప్పి వెళతాను. కాయిల్‌లో ప్రవహిస్తున్న కరెంటును ఒక్కసారిగా ఆపలేం. ట్రాన్సిస్టర్ మూసుకున్న క్షణంలో ఆ కరెంటు దారి వెతుక్కుంటూ కలెక్టర్ వోల్టేజిని పైకి నెడుతుంది, 45 వోల్టుల హద్దును అది సులభంగా దాటగలదు. చార ఉన్న కొస సరఫరా వైపు ఉండేలా 1ఎన్4007 పెడితే కరెంటు దానిగుండా తిరిగి చల్లారుతుంది, కలెక్టర్ 5.7 వోల్టుల దగ్గరే ఆగుతుంది. తిరగేసి పెడితే డయోడ్ సరఫరాను నేరుగా ట్రాన్సిస్టర్ మీదికి తెస్తుంది, స్విచ్ వేసిన వెంటనే రెంటిలో ఒకటి పోతుంది. డయోడ్ వల్ల రిలే విడుదల కొన్ని మిల్లీ సెకన్లు ఆలస్యమవుతుంది గానీ మన పనులకు ఆ ఆలస్యం పట్టించుకోనవసరం లేదు.

లోడ్‌ను ఎక్కడ పెట్టాలన్నది తరువాతి ప్రశ్న. ఎన్‌పీఎన్ అయితే లోడ్ సరఫరాకు, కలెక్టర్‌కు మధ్య ఉండాలి. ఎమిటర్ నేరుగా గ్రౌండ్‌కు వెళ్లాలి. లోడ్‌ను ఎమిటర్ కింద పెట్టిన సర్క్యూట్లు తరచూ కనిపిస్తాయి. అలా పెడితే ఎమిటర్ ఎప్పుడూ బేస్ కన్నా 0.7 వోల్టులు కిందే ఉంటుంది. బేస్‌కు 5 వోల్టులు ఇచ్చి, కలెక్టర్‌ను 12 వోల్టులకు కలిపితే లోడ్‌కు దక్కేది 4.3 వోల్టులే. 400 ఓమ్‌ల కాయిల్ ఉన్న 12 వోల్టుల రిలే దానితో లాగదు, మిగిలిన 7.7 వోల్టులు ట్రాన్సిస్టర్ మీదే ఉండిపోతాయి. బేస్‌కు ఎంత కరెంటు ఇవ్వజూపినా ఇది సంతృప్తం కాదు, ఎందుకంటే లోడ్ మీద వోల్టేజి పెరిగేకొద్దీ బేస్‌కు మిగిలే వోల్టేజి తగ్గుతూ వస్తుంది.

కొన్నిచోట్ల లోడ్ ఒక కొస గ్రౌండ్‌కే ఉండాలి. వాహనాలలో బల్బులు అలాంటివి. అప్పుడు కరెంటు దిశ ఎన్‌పీఎన్‌కు తలకిందులుగా ఉండే పీఎన్‌పీ రకాన్ని, చిన్న లోడ్‌కైతే బీసీ557 వంటిదాన్ని, సరఫరా వైపు పెడతాం. ఇక్కడ ఒక గొయ్యి ఉంది. ఎమిటర్ 12 వోల్టుల దగ్గర ఉన్నప్పుడు దానిని ఆపాలంటే బేస్‌ను 11.4 వోల్టుల పైకి తీసుకెళ్లాలి. 5 వోల్టుల పిన్ ఎంత హై అన్నా 5 వోల్టులే కదా, ఎమిటర్ కన్నా 7 వోల్టులు కిందే ఉంది. కనుక ట్రాన్సిస్టర్ ఎప్పటికీ ఆగదు, పైగా 12 వోల్టుల సరఫరా నుంచి కరెంటు వెనక్కి పిన్‌లోకి చొరబడుతుంది. దీనికి విరుగుడుగా పిన్‌తో ఒక చిన్న ఎన్‌పీఎన్‌ను నడిపి, దాని కలెక్టర్ నుంచి రెసిస్టర్ ద్వారా పీఎన్‌పీ బేస్‌ను కిందికి లాగిస్తాం, పీఎన్‌పీ బేస్, ఎమిటర్‌ల మధ్య 10 కిలో ఓమ్‌లు పెడతాం. ఎన్‌పీఎన్ మూసుకుంటే ఆ రెసిస్టరే బేస్‌ను 12 వోల్టులకు చేరుస్తుంది.

ఇంతవరకు చెప్పినవాటిలో బేస్‌కు వచ్చే సంకేతం ఉన్నట్టా లేనట్టా అన్నది స్పష్టం. సెన్సార్లతో అలా కుదరదు. సాయంత్రం వీధి దీపం దానంతట అదే వెలిగే సర్క్యూట్‌ను తీసుకోండి. కాంతిని బట్టి నిరోధం మారే ఎల్‌డీఆర్, ఒక రెసిస్టర్ కలిసి బేస్‌కు వోల్టేజి ఇస్తాయి. చీకటి నెమ్మదిగా పడుతుంది కాబట్టి బేస్ వోల్టేజి కూడా నెమ్మదిగా పెరుగుతుంది, ట్రాన్సిస్టర్ ఐదు పది నిమిషాలపాటు మధ్య ప్రాంతంలోనే నడుస్తుంది. ఆ సమయంలో రిలే కటకటలాడుతుంది, కాంటాక్టుల దగ్గర నిప్పురవ్వలు లేచి అవి అరిగిపోతాయి. దీపం వెలుతురు ఎల్‌డీఆర్ మీద పడిందంటే ఇక అంతే సంగతులు, వెలిగిన వెంటనే ఆరిపోతుంది, ఆరిన వెంటనే వెలుగుతుంది. ఎల్‌డీఆర్‌ను దీపానికి చాటుగా పెట్టడం మొదటి జాగ్రత్త. అసలు పరిష్కారం మాత్రం రెండు ట్రాన్సిస్టర్లను ఒకే ఎమిటర్ రెసిస్టర్‌తో కలిపి, ఒకటి కదలగానే రెండవది దానిని అదే దిశలో ఇంకా నెట్టేలా చేయడం. 1930లలో అమెరికా శాస్త్రవేత్త ఓటో ష్మిట్ దీనిని వాల్వులతో రూపొందించాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే ష్మిట్ ట్రిగ్గర్ అంటున్నాం. వెలిగే హద్దు వేరు, ఆరే హద్దు వేరు అవుతాయి. మధ్యలో నిలిచే అవకాశమే ఉండదు.

ఇళ్ల మీది ట్యాంకులకు పెట్టే నీటి మట్టపు అలారంలో ఇబ్బంది వేరు. నీటిగుండా వచ్చే కరెంటు చాలా తక్కువ, ఒక్క ట్రాన్సిస్టర్‌ను సంతృప్తం చేయడానికి అది చాలకపోవచ్చు. అప్పుడు ఒకదాని ఎమిటర్‌ను ఇంకొకదాని బేస్‌కు కలిపే డార్లింగ్‌టన్ జంట ఉపయోగపడుతుంది. గుణకాలు రెండూ గుణించుకుంటాయి, కానీ ఆన్‌లో ఉన్నప్పుడు దాని మీద 0.2 బదులు 0.7 వోల్టులు, లేదా ఇంకా ఎక్కువ నిలుస్తుంది. ఏడు జంటలను, డయోడ్లతో సహా, ఒకే చిప్‌లో పెట్టిన యూఎల్‌ఎన్2003 ఉండగా ఎక్కువ రిలేలు నడిపేవారు విడివిడి ట్రాన్సిస్టర్లతో తంటాలు పడనవసరం లేదని నా అభిప్రాయం. అలారం తీగలలో ఏకముఖ కరెంటు ఎడతెగకుండా ప్రవహిస్తే సరఫరా వైపు తీగ కొన్నాళ్లకు నీటిలో తినివేయబడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు పెట్టి, అప్పుడప్పుడు మాత్రమే కరెంటు పంపి చూసుకోవడం మేలు.

పొలాల్లో బోరు మోటారు స్టార్టర్‌ను ఫోనుతో నడిపే పెట్టెలలోనూ ఇదే వరుస ఉంటుంది. పిన్ నుంచి నాలుగు మిల్లీ ఆంపియర్లు ట్రాన్సిస్టర్‌ను, ట్రాన్సిస్టర్ రిలేను, రిలే కాంటాక్టర్ (పెద్ద కరెంటుకు వాడే రిలే లాంటి స్విచ్) కాయిల్‌ను, కాంటాక్టర్ మూడు ఫేజుల మీద ఏడెనిమిది ఆంపియర్లు తీసుకునే 5 హార్స్‌పవర్ మోటారును నడుపుతాయి. రిలే కాంటాక్టుల నుంచి అవతలంతా ప్రాణం తీసే వోల్టేజి. ప్రయోగశాలలో కాయిల్ వైపు మాత్రమే చేయి పెట్టండి.

వేగం విషయం క్లుప్తంగా చెబుతాను. గాఢంగా సంతృప్తమైన ట్రాన్సిస్టర్ బేస్‌లో మిగులు ఆవేశం పేరుకుంటుంది, అది ఖాళీ అయ్యేవరకు కలెక్టర్ మూసుకోదు. రిలేకు ఈ మైక్రోసెకన్లు లెక్కలోకి రావు. సెకనుకు 20 వేలసార్లు మోటారును ఆన్ ఆఫ్ చేసేచోట మాత్రం ఒక్కో ఆవృత్తికి ఉండేదే 50 మైక్రోసెకన్లు కనుక లెక్కలోకి వస్తాయి. అక్కడ మాస్‌ఫెట్ మంచిది.

మాస్‌ఫెట్ ఇంకో రకం ట్రాన్సిస్టర్. బేస్ స్థానంలో ఉండే దాని గేట్‌కు నిలకడగా కరెంటు అక్కరలేదు, వోల్టేజి చాలు. కానీ 200 అనే అంకె బీసీ547తో చేయించిన పొరపాటునే ఇక్కడ ఇంకో అంకె చేయిస్తుంది. ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ డేటాషీట్‌లో గేట్ ఆరంభ వోల్టేజి 2 నుంచి 4 వోల్టులు అని ఉంటుంది. అది చూసి 5 వోల్టులు ధారాళంగా చాలునని అనుకుంటారు. ఆ ఆరంభ వోల్టేజిని కొలిచింది 250 మైక్రో ఆంపియర్ల దగ్గర. అంటే తలుపు కదలడం మొదలైన చోటు, తెరుచుకున్న చోటు కాదు. దాని నిరోధం 17.5 మిల్లీ ఓమ్‌లు అని హామీ ఇచ్చింది గేట్‌కు 10 వోల్టులు ఇచ్చినప్పుడే. 5 వోల్టులతో నడపాలంటే ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ తీసుకోవాలి, దానికి 5 వోల్టుల దగ్గర 25 మిల్లీ ఓమ్‌లు అని రాసి ఉంటుంది. 5 ఆంపియర్ల లోడ్‌కు 0.6 వాట్ల పైచిలుకు వేడితో సరిపోతుంది. 3.3 వోల్టుల బోర్డులకు అది కూడా నిశ్చింతగా చాలదు, 2.5 వోల్టుల దగ్గరే నిరోధాన్ని పేర్కొన్న ఏఓ3400 వంటివి చూడండి. గేట్‌ను ఎప్పుడూ తేలనీయకండి. 10 కిలో ఓమ్‌లతో సోర్స్‌కు, అంటే ఎమిటర్ స్థానంలోని కాలికి, కట్టకపోతే, పిన్ ఊడిపోయినా గేట్ మీద మిగిలిన ఆవేశంతో అది ఎంతసేపైనా సగం తెరిచే ఉండగలదు.

ఒక విద్యార్థిని చీటీ పంపారు: ‘ట్రాన్సిస్టర్ నిజంగా సంతృప్తమైందో లేదో ఆసిల్లోస్కోప్ లేకుండా ఎలా తెలుసుకోవాలి?’ మామూలు మల్టీమీటరు చాలు. లోడ్ కలిపి, ఆన్ చేసి ఉంచి, నల్ల ప్రోబ్‌ను ఎమిటర్ మీద, ఎర్ర ప్రోబ్‌ను కలెక్టర్ మీద పెట్టండి. 0.2 వోల్టులు, లేదా ఇంకా తక్కువ చూపితే సరిగా ఉంది. ఒకటి రెండు వోల్టులు చూపితే మధ్యలో నిలిచిందని అర్థం. అప్పుడు బేస్ రెసిస్టర్ రెండు కొసల మధ్య వోల్టేజి కొలిచి దాని విలువతో భాగించండి, తీగ తెంపకుండానే బేస్ కరెంటు తెలుస్తుంది. అది లోడ్ కరెంటులో ఇరవయ్యో వంతు కన్నా తక్కువ అయితే రెసిస్టర్ మార్చండి. బేస్, ఎమిటర్‌ల మధ్య 0.7 ఉండి కూడా కలెక్టర్ దగ్గర పూర్తి 5 వోల్టులు కనిపిస్తే కాళ్ల వరుస తారుమారైందేమో, ట్రాన్సిస్టర్ లోపల కలెక్టర్ తెగిందేమో చూడాలి. కలెక్టర్ దగ్గర సున్నాయే వచ్చి రిలే మాత్రం కదలకపోతే కాయిల్‌ను, దానికి వచ్చే సరఫరా తీగను చూడండి. బేస్ దగ్గరే 5 వోల్టులకు దగ్గరగా చూపితే లోపలి సంధి తెగిపోయింది, ఆ ట్రాన్సిస్టర్‌ను మార్చవలసిందే.